నిమ్మగడ్డి నూనె ఓడెక్కిన దారి

మా నాన్న నిమ్మగడ్డి వేసింది సువాసన కోసం కాదు, మేకలు తినవని.

విశాఖ దగ్గర పద్మనాభం ఊరు దాటాక కొండ వారన మాకు కొంత మెట్ట ఉంది. ఎర్రమట్టి, మట్టికన్నా ఎక్కువ రాళ్ళు. పల్లంలో పండే వరి మా తిండికి సరిపోయేది. మెట్టలో మాత్రం ఏం వేసినా ఏదో ఒకటి అడ్డుపడేది. వేరుశనగ వేస్తే వాన మొహం చాటేసేది. కంది వేస్తే ఊళ్ళో మేకలు మాకంటే ముందే కోత కోసేవి. విసిగిపోయి నాన్న ఒక ఏడాది ఎవరో తెలిసినాయన దగ్గర నాలుగు గోనెసంచుల నిమ్మగడ్డి పిలకలు తెచ్చి నాటాడు. మేకలు వచ్చాయి, తలా ఒక పరక కొరికాయి, తలలు విదిలించుకుని వెళ్ళిపోయాయి. ఆ రోజు నాన్న గట్టు మీద కూర్చుని ఒక్కడే చాలాసేపు నవ్వాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

గడ్డి పెరిగాక నూనె తీయాలి. నాన్న ఒక పాత ఇనప డ్రమ్ము తెచ్చి, కింద పొయ్యి కట్టి, మూతకి గొట్టం బిగించి, ఆ గొట్టాన్ని నీళ్ళతొట్టిలోంచి పోనిచ్చి తనే ఒక బట్టీ తయారు చేశాడు. అడుగున నీళ్ళు మరిగితే ఆవిరి గడ్డిలోంచి పైకి లేచి, వాసనను వెంటబెట్టుకుని గొట్టంలోకి వెళ్ళి, చల్లబడి చుక్కలుగా దిగేది. నీళ్ళు కిందికి పోయేవి, నూనె పైన తేలేది. మా ఇంట్లో ఈ పనికి గడ్డి వండడం అని పేరు. అన్నా నేనూ ఆ వాసనలోనే పెరిగాం. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల మొదటి రోజే నన్ను అడిగింది, "నువ్వు సబ్బు తినొచ్చినావేటి?" అని.

తీసిన నూనెను నాన్న ప్లాస్టిక్ క్యాన్లలో నింపి బస్సెక్కి విశాఖలో వన్‌టౌన్‌కి తీసుకెళ్ళేవాడు. అక్కడ ఒక సన్నటి సందులో అత్తర్లు, నూనెలు అమ్మే దుకాణం ఉంది. దాని యజమానిని మేమంతా భాయ్ గారు అంటాం. వాళ్ళ తాత కాలం నుంచీ అదే వ్యాపారం. ఆయన క్యాన్ మూత తీసి, కాగితం ముక్క ముంచి, కళ్ళు మూసుకుని వాసన చూసేవారు. "ఈసారి వాన పడిన మర్నాడే కోసినావ్," అనేవారు. నాన్న నిజమేనని తలూపేవాడు. మా నూనెను ఆయన ఇంకో పదిమంది రైతుల నూనెతో పెద్ద పీపాలో కలిపి పైకి అమ్మేవారు. అక్కడి నుంచి అది ఎక్కడికి పోయేదో, ఎవరి సబ్బులో చేరేదో మాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు.

నేను కెమిస్ట్రీ చదివి పరవాడ వైపు ఒక మందుల కంపెనీ ల్యాబులో చేరాను. పెళ్ళయ్యాక పెందుర్తిలో కాపురం పెట్టాం. మా ఆయన గాజువాకలో ఒక వర్క్‌షాపులో వెల్డింగు చేస్తాడు. పాలడైరీలకీ మందుల కంపెనీలకీ కావలసిన స్టీలు ట్యాంకులూ పైపులూ అతని చేతి మీదుగా వెళ్ళేవి. అన్న ఊళ్ళోనే ఉండి నాన్నతో కలిసి గడ్డి వండేవాడు. ఎవరి పని వాళ్ళది. మా ముగ్గురి పనులూ ఒకచోటికి చేరతాయని అప్పుడు ఎవరైనా అంటే నేనే నమ్మేదాన్ని కాదు.

ఒక ఆదివారం నాన్నకు జ్వరం వస్తే క్యాన్ పట్టుకుని దుకాణానికి నేను వెళ్ళాను. భాయ్ గారు అలవాటు ప్రకారం వాసన చూసి, తలూపి, సొరుగులోంచి ఒక ఉత్తరం తీశారు.

"బేటీ, నువ్వు ఇంగ్లీషు సదూకున్నావు కదా. ఇది జరా సూడు."

విదేశంలో సబ్బులు చేసే చిన్న సంస్థ నుంచి వచ్చిన ఉత్తరం అది. వాళ్ళకి ఒకే చోట పండిన నిమ్మగడ్డి నూనె కావాలి. ఎవరి పొలంలో పండిందో, ఎవరు తీశారో, ఎలా తీశారో చెప్పగలిగి ఉండాలి. నేను చదివి చెప్పాను. ఆయన నవ్వారు.

"నా దగ్గరున్న మాల్, ఈ సరుకంతా, ఏడు ఊళ్ళ నీళ్ళు కలిసిన చెరువు. ఆళ్ళకి ఒక్క బావి నీళ్ళు గావాలంట. మీ నాన్నది ఒక్క బావి. మీరే పంపండి."

"మీ వ్యాపారం మేం లాక్కున్నట్టు అవదా?" అన్నాను.

"నా కొడుకులిద్దరూ సెల్‌ఫోన్లు అమ్ముతన్నారు. నా తర్వాత ఈ దుకాణంలో వాసన సూసేవాడు ఉండడు. నానిచ్చేది నీకు కాకపోతే ఎవరికిస్తాను?"

ఆ ఉత్తరం తీసుకుని సాయంత్రం ఊరికి వెళ్ళాను. నాన్న దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుని అంతా విన్నాడు.

"నాకు భాయ్ ముక్కు సాలమ్మీ. ఆళ్ళెవులో, ఆ దేశమేటో నాకు తెలదు," అన్నాడు.

అమ్మ గిన్నెలో గంజి పోస్తూ, తలెత్తకుండానే అంది, "గడ్డి ఏసినపుడు మాత్రం నీకేటి తెలుసు? మేకలకి తెలుసు."

నాన్న గంజి గిన్నె అందుకుని తాగాడు. అది ఒప్పుకున్నట్టే.

మర్నాడు గడ్డి వండేటప్పుడు నేను సెలవు పెట్టి, గొట్టం మూతి దగ్గర గాజు సీసా పట్టి, నా చేత్తో నమూనా తీశాను. సీసా మీద చీటీ అంటించి పంపాను. నెల తిరక్కుండా జవాబు వచ్చింది. నూనె వాళ్ళకు బాగా నచ్చింది. రెండు డ్రమ్ములు పంపమన్నారు. ఎగుమతి చేయాలంటే ఎన్ని కాగితాలు కావాలో అప్పుడు తెలిసింది. కంపెనీ బస్సులో వెళ్తూ వస్తూ ఫారాలు నింపేదాన్ని. పేరు, ఊరు, సరుకు, సరుకు పేరు లాటిన్‌లో. మా మెట్టలో మేకలు ఉమ్మేసిన గడ్డికి లాటిన్‌లో పేరుందని చెబితే అన్న దాన్ని మూడుసార్లు పలికించుకున్నాడు.

ఇంట్లో క్యాన్లలో దాచి ఉంచిన నూనెనంతా కొత్త డ్రమ్ముల్లోకి వంచి పంపాం. ఊరంతా చెప్పుకున్నారు. నాన్న ఆ వారమంతా కొత్త లుంగీ కట్టుకుని తిరిగాడు.

రెండు నెలల తర్వాత వచ్చిన ఈమెయిలు నేను ల్యాబు క్యాంటీన్‌లో చదివాను. సరుకు తిరస్కరిస్తున్నాం అని ఉంది. నూనెలో ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి వాడే రసాయనం దొరికిందట. ఒంటికి రాసుకునే సబ్బులో అది ఉండకూడదు. అక్కడే పారబోయించమంటారా, వెనక్కి తీసుకుంటారా అని అడిగారు.

ప్లేటులో అన్నం అలాగే వదిలేసి లేచాను. కారణం నాకు ఆ నిమిషంలోనే అర్థమైంది. నిమ్మగడ్డి నూనె ప్లాస్టిక్‌ను మెల్లమెల్లగా కరిగించుకుంటుంది. నమూనా నేను గాజు సీసాలో పట్టాను. డ్రమ్ముల్లోకి పోసింది మాత్రం నెలల తరబడి క్యాన్లలో మగ్గిన నూనె. బట్టీ నుంచి క్యాన్‌లోకి నూనె దించే గొట్టం కూడా ప్లాస్టిక్‌దే. రోజూ ల్యాబులో ఇలాంటి మలినాల్ని వెతకడమే నా ఉద్యోగం. మా ఇంటి క్యాన్ మాత్రం నా కంటికి ఆనలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న వస్తువును ఎవరు అనుమానిస్తారు?

నాన్నకు చెప్పడమే కష్టమైంది. ఆయన మొదట అడిగింది ఒక్కటే. "నానేటి కలిపినాను?"

"నువ్వేం కలపలేదు నాన్నా. క్యాన్ కలిపింది."

"ఇన్నేళ్ళు భాయ్ వాసన సూసినాడు. ఒక్కపాలీ బాగోనేదననేదు."

"ఇది వాసనకు తెలియదు. మిషన్‌కే తెలుస్తుంది. తప్పు నాది. ముందే చూసుకోవలసింది."

ఆయన లేచి బట్టీ దగ్గరికి వెళ్ళి గొట్టం చివర తడిమి చూశాడు. తర్వాత, "అక్కడ పారబోయొద్దు. మనింట్లో పుట్టింది మనింటికే రావాల," అన్నాడు.

డ్రమ్ములు తిరిగి వచ్చిన రోజు పోర్టు బయట గోదాము దగ్గరికి నాన్నా నేనూ వెళ్ళాం. సముద్రం దాటి వెళ్ళి, సముద్రం దాటి వచ్చిన డ్రమ్ముల మీద ఎర్ర స్టిక్కర్లు అంటించి ఉన్నాయి. నాన్న ఒక స్టిక్కరు అంచును గోటితో గీకి చూశాడు. అది రాలేదు. "మంచి జిగురే ఏసినారు," అన్నాడు. ఆయన పెదవుల మీద నవ్వు లేదు.

భాయ్ గారికి కబురు చేస్తే ఆటోలో వచ్చారు. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన దగ్గర నేల తుడిచే మందు చేసేవాళ్ళు నూనె కొంటారు. వాళ్ళకి ఆయన మా ఎదురుగానే ఫోన్ చేసి, ఈ నూనెలో ఫలానా దోషం ఉంది, ఒంటికి పనికిరాదు, నేలకు పనికొస్తుంది, కావాలా అని అడిగారు. కావాలన్నారు. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగారు. "దోషం సెప్పి అమ్మితే అది మాల్. దాచి అమ్మితే దగా. నువ్వు మళ్ళీ రాయి బేటీ ఆళ్ళకి. తప్పేటో సెప్పు, ఎలగ దిద్దుతావో సెప్పు."

ఆ రాత కోసం నేను రెండు రోజులు కూర్చున్నాను. ఒక్క సాకూ లేకుండా రాశాను. వాళ్ళ జవాబులో కోపం లేదు. దిద్దుకున్నాక మళ్ళీ నమూనా పంపమన్నారు. చివర ఒక ప్రశ్న ఉంది. మీరు బట్టీ కింద ఏం కాలుస్తారు?

మేం కాల్చేది కట్టెలు. జీడిమామిడి కొమ్మలు, సరుగుడు, అవి చాలనప్పుడు కొండ మీది నుంచి మోపులుగా వచ్చే కట్టె. గడ్డి పచ్చగా పెరగడానికి మేం కొండను బోడి చేస్తున్నామని ఆ ప్రశ్న చదివే వరకూ నాకు తట్టలేదు.

మా ఆయన ఆ వారం సెలవు పెట్టాడు. పెందుర్తి నుంచి బైకు మీద వచ్చి, బట్టీ చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇనప డ్రమ్ము మీద వేళ్ళతో కొట్టాడు.

"ఇది తీసీ బావా," అన్నాడు అన్నతో. "ఇందులో గడ్డితో పాటు తుప్పు కూడా ఉడుకుతంది. నూనె ఎర్రగా వచ్చేది అందుకే."

"మా నాన్న సేత్తో కట్టింది బావా ఇది," అన్నాడు అన్న, గొంతు తగ్గించి.

"అందుకే సెప్తన్నాను. ఆయన సేతికి ఆ రోజు ఇనుము దొరికింది, ఇనుముతో కట్టినాడు. మనం ఉన్నది స్టీలు ఊరు. స్టీలుతో కడదాం."

నాన్న వెనక నుంచి విననే విన్నాడు. "మరేటి సూత్తన్నారు? మూత బోల్టులు ఎడంవైపు నుంచి ఇప్పండి. కుడివైపువి పట్టీసినాయి," అన్నాడు.

నలభై రోజులు పట్టింది. మా ఆయన పగలు వర్క్‌షాపులో పని చూసుకుని, సాయంత్రాలూ సెలవు రోజులూ ఇక్కడికి వచ్చేవాడు. పాత్ర, మూత, గొట్టం, ఆవిరి చల్లబడే చుట్ట, నూనె వేరయ్యే డబ్బా, అన్నీ స్టీలే. అతుకుల లోపలివైపు వేలు పెట్టి రాసి చూసి, గరుకు తగిలితే మళ్ళీ పాలిష్ పట్టేవాడు. ప్లాస్టిక్ అన్నది షెడ్డులోకి రాకూడదని నేను నియమం పెట్టాను. అన్న చెప్పులు కూడా బయటే విప్పేవాడు, అవి రబ్బరువని. అది అవసరం లేదని చెప్పినా వినలేదు.

కట్టెల సంగతే తేలలేదు. వండేసిన గడ్డి గుట్టలుగా పడి ఉండేది. దాన్నే ఎండబెట్టి కాలుద్దామని అన్నదీ మా ఆయనదీ ఆలోచన. మొదటి రోజు పొయ్యిలో వేస్తే భగ్గున లేచి, రెండు నిమిషాల్లో బూడిదైంది. పాత్రలో నీళ్ళు మరగడం మొదలవుతూనే ఆగిపోయాయి. షెడ్డంతా పొగ. ఇద్దరూ దగ్గుకుంటూ బయటికొచ్చారు. ఫ్యాను పెడదామని ఒకరు, పొయ్యి అడుగున ఇనప జాలీ మారుద్దామని ఒకరు వాదించుకుంటుంటే అమ్మ వచ్చి గడ్డి కుప్ప పక్కన చతికిలపడింది. పిడికెడు గడ్డి తీసుకుని, మొదలు కాలితో తొక్కిపట్టి, రెండు చేతులతో పురి తిప్పి, మధ్యకి మడిచి, ముడేసి పక్కన పెట్టింది. ఇంకోటి చేసింది. ఇంకోటి.

"గడ్డిని అలగ దులిపీసి ఏస్తే మంటేటి నిలుస్తాది?" అంది. "మా అమ్మ ధాన్యం ఉడకబెట్టినపుడు ఇలగే కట్టీది. పురి పెడితే గడ్డి కూడా కట్టెలాగ కాలుతాది."

ఆ పూట నలుగురం కూర్చుని పురులు కట్టాం. మంట నిలిచింది. నీళ్ళు మరిగాయి. ఒక విడత గడ్డి వండగా మిగిలిన పిప్పి తర్వాతి విడతకు సరిపోయి, ఇంకా మిగిలింది. మా ఆయన తర్వాత జాలీ మార్చాడు, చిన్న ఫ్యాను కూడా పెట్టాడు. ఇప్పుడు ఆ పిప్పిని చుట్టడానికి ఒక యంత్రం కూడా ఉంది. కానీ మూలసూత్రం అమ్మదే. కొండ నుంచి కట్టె రావడం ఆ రోజుతో ఆగిపోయింది.

కొత్త బట్టీలోంచి దిగిన మొదటి నూనెను గాజు గ్లాసులో పట్టి వెలుగుకు ఎత్తాను. లేత పసుపు. గ్లాసు అవతల నాన్న మొహం కనిపించేటంత తేట. ఆయన గ్లాసు తీసుకుని వాసన చూసి అమ్మకిచ్చాడు. అమ్మ చూసి అన్నకిచ్చింది. అందరి చేతులూ తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి ఎవరి కళ్ళూ మామూలుగా లేవు.

నమూనా పరీక్షలో నెగ్గింది. ఈసారి రెండు డ్రమ్ములూ వెళ్ళాయి, వెనక్కి రాలేదు. సరుకు బాగుందని వాళ్ళ ఉత్తరం వచ్చిన రోజే నేను ల్యాబు ఉద్యోగానికి రాజీనామా రాశాను.

తర్వాతి ఆర్డరు నాలుగింతలు వచ్చింది. మా మెట్ట ఒక్కటే చాలదు. ఆ కొండ వారన ఆరు కుటుంబాలకి మాలాంటి రాళ్ళ భూములే ఉన్నాయి. చాలామంది బీడు వదిలేసి పొద్దున్నే విశాఖకు కూలికి వెళ్ళేవాళ్ళు. నాన్న ఇంటింటికీ తిరిగి పిలకలు పంచాడు. ఒకటే షరతు. నూనె తీయడం మా షెడ్డులోనే, వాళ్ళు గడ్డి తేవాలి. ఎవరి గడ్డి వాళ్ళదిగా విడిగా వండి, డ్రమ్ము మీద వాళ్ళ పొలం నంబరు వేస్తాం. కొంత పిప్పి తిరిగి వాళ్ళ మొక్కల మొదళ్ళకే వెళ్తుంది, తడి ఆరకుండా. రెండేళ్ళలో ఆ కొండ వారంతా పచ్చబడింది.

కానీ ఆర్డరు కోత కోసం ఆగదు. మొదటి ఏడాది కొత్తగా నాటిన గడ్డి ఇంకా మోకాలెత్తు ఉండగానే పంపాల్సిన తేదీ దగ్గరపడింది. అడిగినదాంట్లో సగమే చేతిలో ఉంది. అప్పుడే రసాయనాలు అమ్మే ఒకాయన మా షెడ్డుకు వచ్చాడు. ఫ్యాక్టరీలో తయారైన నిమ్మ వాసన ద్రవం డబ్బాలు అతని దగ్గర ఉన్నాయి.

"అందరూ కలుపుతారండి. మీరొక్కరే మడి కట్టుకుంటే ఎలాగ? సగానికి సగం కలిపినా ముక్కుకి తెలదు," అన్నాడు.

అన్న నా వైపు చూశాడు. డబ్బాలాయన వెళ్ళాక అన్నాడు, "ఒక్కపాలికే. వచ్చే కోతకి మళ్ళీ అసలుదే పంపుదాం. ఇప్పుడు నేదంటే ఆళ్ళు ఇంకోళ్ళ దగ్గరకి ఎల్లిపోతారు. ఆరిళ్ళోళ్ళు మనల్ని నమ్మి గడ్డి ఏసినారు."

అన్న అన్నదాంట్లో దురాశ లేదు, భయమే ఉంది. నాకూ భయమే. అయినా ఆ పూటే కూర్చుని కొనేవాళ్ళకు రాశాను. మా దగ్గర సగమే ఉంది, మిగతాది గడ్డి పెరిగాకే వస్తుంది, తొందరపెట్టినా పెరగదు. రాసింది అన్నకు చదివి వినిపించి పంపాను. జవాబు రావడానికి ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ మేమిద్దరం ఆ విషయం తప్ప అన్నీ మాట్లాడుకున్నాం.

జవాబు రెండు వాక్యాలు. ఉన్నది పంపండి, మిగతాదానికి ఆగుతాం. వచ్చే ఏడాది మేమే వచ్చి మీ పొలాలు చూస్తాం.

అన్న ఆ ఫోను నా చేతిలోంచి తీసుకుని తనే ఇంకోసారి చదువుకున్నాడు. తర్వాత గబగబా ఆ ఆరిళ్ళకూ చెప్పడానికి వెళ్ళిపోయాడు, చొక్కా కూడా వేసుకోకుండా.

మరుసటి ఏడు అన్నట్టే వచ్చారు. పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు, కాళ్ళకు బురద బూట్లు. ఆ సబ్బుల సంస్థ పెట్టింది ఆవిడేనట. టీ ఇస్తే పక్కన పెట్టి, నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళి, వంగి బూడిద తీసి వేళ్ళ మధ్య నలిపింది. కట్టె బొగ్గు ఉందేమోనని. మీరు కట్టె వాడటం లేదని నేనెలా నమ్మాలి అని నాన్నను అడిగింది. నేను తెలుగులో చెప్పాను. నాన్న ఆవిణ్ణి పాత కట్టెల కొట్టానికి తీసుకెళ్ళి తలుపు తీశాడు. లోపల అమ్మ కోళ్ళు గుడ్లు పొదుగుతున్నాయి. ఒక పెట్ట ఆవిడ మీదికి ఎగిరినంత పని చేసింది.

"ఇక్కడ కట్టెలుండీవి. ఇప్పుడు దీని రాజ్యం," అన్నాడు నాన్న.

ఆవిడకు నేను చెప్పేలోపే అర్థమైపోయింది. గట్టిగా నవ్వింది. తర్వాత పొలం గట్టు మీద నడుస్తూ, మేం ఇప్పుడు కొంటున్నదానికి పదింతలు అడిగితే ఇవ్వగలరా అని అడిగింది. నేను చెప్పబోతే నాన్న చెయ్యెత్తి ఆపాడు.

"ఆవిడికి ఇలగ సెప్పు. ఈ గడ్డి మూడు నెల్లకోపాలి కోతకొస్తాది. ఆవిడ రోజూ అడిగినా అది మూడు నెల్లకే వస్తాది. ఇంకా భూములున్నాయి, ఇంకా మనుషులున్నారు. మెల్లగా సేరుస్తాం. కొండ మీదికి మాత్రం ఎక్కం."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ ఆగి, పుస్తకం తీసి, ఆ మాటలు రాసుకుంది. నాన్నకు అదంతా వింతగా తోచింది. "నానేటి అన్నానని రాసుకుంటంది?" అని అమ్మను అడిగాడు.

అలా మెల్లగానే చేర్చాం. ఆరిళ్ళు ముప్పై అయ్యాయి. బట్టీలు మూడయ్యాయి. ఒక కంటెయినరు నిండా సరిపడే ఆర్డరు వచ్చిన ఏడాది, దాన్ని ఇతరుల సరుకుతో పంచుకోకుండా మా డ్రమ్ములతోనే నింపగలిగిన రోజు ఒకటి వచ్చింది.

కంటెయినరు ట్రెయిలరు ఊరి మొగదల వరకూ వచ్చి ఆగిపోయింది. మా సందు మలుపు తిరగదు. డ్రైవరు దిగి, కల్వర్టు చూసి, కరెంటు తీగలు చూసి తల అడ్డంగా ఊపాడు. షెడ్డు నుంచి రోడ్డుకి ఒక కిలోమీటరు. డ్రమ్ములు ఒక్కొక్కటీ ఇద్దరు మగాళ్ళు కూడా ఎత్తలేనంత బరువు. ఏం చేద్దామని నేను తల పట్టుకునేలోపే రెండు ట్రాక్టర్లు స్టార్టయ్యాయి. మా ఆయన గాజువాక నుంచి బరువులెత్తే చెయిన్ పుల్లీ తెచ్చి షెడ్డు దూలానికి తగిలించాడు. ఈ చివర ఒక్కో డ్రమ్మును పైకి లేపి ట్రాలీలోకి దించడం, ఆ చివర బల్లలు వాలుగా వేసి, తాళ్ళు కట్టి కంటెయినర్లోకి లాగడం. గడ్డి వేసిన ముప్పై ఇళ్ళవాళ్ళూ వచ్చేశారు. ఆ రోజు విశాఖ పనికి ఎవరూ వెళ్ళలేదు.

ఒకామె నా దగ్గరికి వచ్చి, "మా డ్రమ్మేదమ్మా?" అని అడిగింది. భర్త పోయాక ఒంటరిగా మెట్ట చేసుకుంటున్న మనిషి. నంబరు చూసి చూపించాను. ఆవిడ కొంగుతో డ్రమ్మును తుడిచి, మెల్లగా, "బొట్టు పెట్టొచ్చా?" అంది. కస్టమ్స్ వాళ్ళు ఏమంటారో తెలియదు. అయినా పెట్టమన్నాను. ఒకరిని పెట్టమన్నాక ఇంకెవరిని వద్దంటాం? చివరికి కంటెయినరు తలుపులు మూసే వేళకి లోపల డ్రమ్ములన్నీ పసుపు కుంకుమలతో పెళ్ళివాళ్ళలా నిలబడ్డాయి. సీలు వేయడానికి వచ్చిన ఉద్యోగి ఒక్కసారి లోపలికి చూసి తాళం బిగించాడు.

నాన్న డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాడు. పోర్టు గేటు దాటి లోపలికి ఆయన్ని రానివ్వరని చెప్పినా వినలేదు. "గేటు దాకా సాలు. పిల్లని అత్తోరింటికి పంపినపుడు కూడా అంతవరకేకదా ఎల్తాం," అన్నాడు. ట్రెయిలరు కదిలింది. దాని వెనక ట్రాక్టర్లు, వాటి వెనక బైకులు, తగరపువలస రోడ్డెక్కే దాకా సాగనంపాయి.

ఓడ బయల్దేరే రోజు తెలుసుకుని, ఆ మధ్యాహ్నం వన్‌టౌన్‌లో పోర్టు కనిపించే గుట్ట ఎక్కాం. నాన్న, నేను, భాయ్ గారు. ఆయనకు మోకాళ్ళ నొప్పి. మెట్టు మెట్టుకీ ఆగుతూ, నా భుజం పట్టుకుని ఎక్కారు. కింద క్రేన్లు, బొగ్గు గుట్టలు, ఎర్రటి ఖనిజం గుట్టలు, అటు కొండ పక్కనుంచి సముద్రంలోకి తెరుచుకునే దారి. మా ఓడ ఆ దారిలో మెల్లగా జారుతోంది. దాని మీద వందల పెట్టెలు.

"ఏది మనది?" అన్నాడు నాన్న.

"ఇక్కడి నుంచి ఎలా తెలుస్తుంది నాన్నా."

"ఏదైతేనేటి. ఎల్తంది కదా."

భాయ్ గారు ఓడనే చూస్తూ నాన్న చెయ్యి పట్టుకున్నారు. "ఇన్నేళ్ళు నీ అసలీ మాల్‌ని పట్టుకెళ్ళి నా పీపాలో కలిపీసినాను. నీ పేరు ఎవలకీ తెలీకుండా సేసినాను."

"అలగనకు భాయ్," అన్నాడు నాన్న. "నువ్వు కొననేకపోతే నాను రెండో ఏడే ఆ గడ్డి పీకీసి మెట్టని మేకలకి వదిలీసీవోణ్ణి."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు వింటూ నేను పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఓడ కొండ మలుపు దాటి, వెడల్పుగా తెరుచుకున్న నీళ్ళలోకి వెళ్ళింది.

ఇప్పుడు మా నూనె నాలుగు దేశాలకు వెళ్తోంది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు తనిఖీకి వస్తారు, బూడిద నలిపి చూస్తారు, బావి నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్తారు. వాళ్ళకు నేను ఫైళ్ళు చూపిస్తాను. అన్న పొలాలు చూపిస్తాడు. మా ఆయన వర్క్‌షాపు మానేసి నాలుగో బట్టీ కడుతున్నాడు, ఈసారి ఎండ వేడితో నీళ్ళు ముందే కాగేలా. పక్క మండలం వాళ్ళు కూడా పిలకలు అడుగుతున్నారు. వచ్చే వానలకు వాళ్ళకు పంచడానికి నాన్న పొద్దున్నుంచీ గోనెసంచులు ఏరి పెడుతున్నాడు.